పసుపు పెట్టిన నోట్లు

మా బ్యాంకు బ్రాంచి జూలూరుపాడు దాటాక అడవి వైపు తిరిగే రోడ్డు మీద ఉండేది. కింద ఎరువుల దుకాణం, పైన మేము. మెట్లెక్కుతుంటే యూరియా వాసన, దిగుతుంటే యూరియా వాసన. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నాకదే మొదటి ఉద్యోగం. మాది మధిర కాబట్టి మాటలో కోస్తా యాస కాస్త ఉండేది, కోపం మాత్రం కాస్త కాదు. చేరిన నెల తిరక్కముందే ఊళ్ళో నాకు 'మిరపకాయ మేడం' అని పేరు పడింది. ఆ పేరు పెట్టిందెవరో తెలిస్తే ఇప్పటికీ వదలను.

అప్పటికి మాకు కంప్యూటర్లు రాలేదు. లెడ్జరులో రాయడం, పాసుబుక్కులో రాయడం, సంతకం పెట్టి ఇవ్వడం, అంతే. ఆ పని ఎంతసేపు పడుతుంది? పొద్దంతా పట్టేది జవాబులు చెప్పడానికి. ముఖ్యంగా అంగడి రోజు. వారానికోసారి సంత జరిగే ఆ రోజున చుట్టుపక్కల ఊళ్ళూ తండాలూ అన్నీ మా మెట్ల మీదే ఉండేవి. ఒకసారి ఒక పెద్దాయన చంకలోని కోడి జారి నా లెడ్జరు మీద దిగింది. దాని కాలి ముద్ర ఆ పేజీలో ఉండిపోయింది. ఆడిటుకు వచ్చినాయన అదేమిటని అడిగితే ఖాతాదారుని కోడి అని చెప్పాను.

"మేడం, పైసలు తియ్యకుంటె పాతవడిపోతయా?"

"పడవు."

"వడ్డీ నువ్విస్తవా, గవర్మెంటిస్తదా?"

"నా జీతం ఎంతో తెలిస్తే ఆ మాట అడగవు తాతా."

"ఎలుక కొరికిన నోటు తీసుకుంటరా?"

"మిగిలిన ముక్క ఎంతుంది?"

"ఇగో గింత. మిగతాది ఎలుకనే అడగాలె."

నేను చనిపోతే పైసలు ఎవరికిస్తారు అని అడిగేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. ఎవరి పేరు రాయిస్తే వాళ్ళకి ఇస్తాం, ఎవరి పేరు రాయమంటావు అంటే, పక్కనున్న కొడుకు వంక ఒకసారీ కోడలి వంక ఒకసారీ చూసి "మళ్ళ అంగడికి చెప్త" అని దిగిపోయేవాళ్ళు. ఇద్దరి పేర్ల మీదా ఖాతా ఉంటే ఒకరికి తెలియకుండా ఇంకొకరు తీసుకోవచ్చా అనే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒంటరిగా వచ్చినవాళ్ళే అడిగేవాళ్ళు. గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. నేను కూడా గొంతు తగ్గించే చెప్పేదాన్ని.

ఇవన్నీ నాకు సరదాగానే ఉండేవి. ఒళ్ళు మండేది పసుపు నోట్లతో. ఆ వైపు ఊళ్ళలో కొత్త పంట అమ్మిన డబ్బు ఇంటికి రాగానే దేవుడి దగ్గర పెట్టి, ఒక్కో నోటు మూలకు పసుపు అద్దడం చాలా ఇళ్ళల్లో ఉండేది. పత్తి తీసే రోజుల్లో, మిర్చి అమ్మే రోజుల్లో ఆ నోట్లే వచ్చేవి. లెక్కపెడుతుంటే వేళ్ళు పచ్చగా, నీళ్ళ స్పాంజి పచ్చగా, నా చీర కొంగు పచ్చగా. నోట్ల మీద రాయవద్దు, పిన్నులు కొట్టవద్దు అని గోడకు బోర్డు ఉండేది. దాని కింద నేను చేత్తో 'పసుపు పెట్టవద్దు' అని రాసి అంటించాను. చదవడం వచ్చినవాళ్ళు చదివి నవ్వేవాళ్ళు. రానివాళ్ళకు నేనే చదివి వినిపించేదాన్ని. ఎవరూ మానలేదు.

మా క్యాషియరు గారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, తిరుమలాయపాలెం ఆయనది. పసుపు నోట్లను, మరీ నలిగినవాటిని తిరిగి ఎవరికీ ఇవ్వకుండా పక్కన కట్టలు కట్టేవారు. అవి మాసిన నోట్ల కింద లెక్క. కొన్నాళ్ళకు పెద్ద బ్రాంచికి పోయేవి, అక్కణ్ణుంచి ఇక తిరిగి వచ్చేవి కావు.

ఒకామె ప్రతి అంగడికీ వచ్చేది. తండా మనిషి, నలభై దాటి ఉంటాయి. చేతులకు గాజులు, భుజాన అంగడి సంచి. డబ్బు వేసేది కాదు, తీసేది కాదు. నేరుగా నా కౌంటరు దగ్గరికొచ్చి, పాసుబుక్కు ముందు పెట్టి ఒకటే మాట అడిగేది.

"నా పైసలు మంచిగున్నయా మేడమ్మా?"

నేను లెడ్జరు చూసి "మంచిగున్నాయమ్మా, వడ్డీ కూడా పడింది" అనేదాన్ని. వడ్డీ సంగతి ఆమెకు పట్టేది కాదు. వానాకాలమైతే "తడుస్తలేవు గద?" అని అడిగేది. ఇనప బీరువాలో ఉంటే ఎట్లా తడుస్తాయమ్మా అంటే నవ్వేది. ఎండాకాలమైతే బీరువాకు చెద పట్టదు గదా అని అడిగేది. నాతో హాస్యమాడుతోందనుకున్నాను. ఎంత చిరాకులో ఉన్నా ఆమె వస్తే నా ముఖం విప్పారేది. ఒక అంగడికి రాకపోతే ఏమైందోనని మెట్ల వైపు చూసేదాన్ని.

ఆమె సంగతి నాకు క్యాషియరు గారే చెప్పారు. నేను రాకముందు ఆ డబ్బు కట్టించుకున్నది ఆయనే. వాళ్ళకు ఏళ్ళ తరబడి కౌలు సేద్యమే. సొంతంగా కాస్త భూమి చేతికొచ్చాక వేసిన మొదటి పత్తి అది. భర్త ఖమ్మం మార్కెట్లో అమ్మి, పొద్దుగూకే వేళకు ఇంటికొచ్చి, కట్ట తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఇవి బిడ్డ చదువుకు, వేరే దేనికీ తియ్యొద్దు అన్నాడు. ఆ తర్వాతి వానాకాలమే అతనికి విషజ్వరం వచ్చింది. కొత్తగూడెం దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. పూరింట్లో చెదలూ ఎలుకలూ ఉంటాయని భయపడి ఆమె ఆ కట్టను కొంగులో మూటగట్టుకుని మా బ్యాంకుకు తెచ్చింది. "మంచిగ దాచున్రి సారూ" అని అప్పజెప్పి పోయిందట.

ఆ డబ్బు దాచిన రెండేళ్ళ తర్వాత ఒకరోజు, అంగడి రోజు కాకపోయినా ఆమె వచ్చింది. పక్కన కూతురు. పిల్ల ఇంటరు పాసైంది. ఖమ్మంలో నర్సు ట్రైనింగుకు సీటొచ్చింది. ఆ సాయంత్రంలోగా వెళ్ళి ఫీజు కట్టకపోతే సీటు వేరేవాళ్ళకు పోతుంది. మాకు డబ్బు ఇచ్చే వేళ రెండు గంటల వరకే, ఖమ్మం బస్సు ఆ వెంటనే. వాళ్ళు మెట్లెక్కేసరికి ఒంటిగంట దాటింది.

ఫారం నేనే రాశాను. ఆమె వేలిముద్ర వేసింది. చేతికి ఇత్తడి టోకెను ఇచ్చి క్యాషియరు గారి కిటికీ దగ్గరికి పొమ్మన్నాను. పిల్లకు ఆల్ ది బెస్ట్ చెప్పి, వెనకున్న మనిషి పాసుబుక్కు అందుకున్నాను.

కాసేపటికి కిటికీ దగ్గర మాటలు పెద్దవయ్యాయి.

"ఇయ్యి నావి గావు సారూ."

"నీవి గాకుంటె ఎవలియమ్మా? నీ ఖాతలకెల్లే తీసిన."

"నావి పసుపు పెట్టినయ్. ఒక్కో నోటుకు మూలకు పెట్టిన. ఇయ్యి కొత్తయి. నావి నాకియ్యి."

క్యాషియరు గారు నా వైపు చూశారు. నేను లేచి వెళ్ళాను. ఆమె ముందు కొత్త నోట్ల కట్ట, బ్యాంకు చీటీ చుట్టి ఉన్నది, అట్లాగే ఉంది. ముట్టుకోలేదు.

"అమ్మా, పైసలు పైసలే కదా. ఏ నోటైనా ఫీజుకు పనికొస్తుంది. బస్సు పోతుంది, తీసుకో" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

"గట్ల కాదు మేడమ్మా" అంది. గొంతులో కోపం లేదు, నాకు తెలియని సంగతి నాకు చెబుతున్నట్టే అంది. "ఆయన చేతితోని నా చేతిల పెట్టిండు, బిడ్డ సదువుకని. ఆయన పైసలు బిడ్డకు కట్టాలె. ఇయ్యి ఎవలియో. ఎవలియో తీసుకపోయి కడితె ఆయన కట్టినట్టు ఎట్లయితది?"

అంగడి అంగడికీ ఎన్నో జవాబులు చెప్పిన నోరు నాది. ఆమె అన్నాళ్ళూ అడిగింది ఆ నోట్ల క్షేమం. నేను చెప్పింది ఖాతాలోని అంకె. ఇద్దరమూ అబద్ధమాడలేదు, కానీ ఆమె ప్రతి అంగడికీ అడవి దాటి వచ్చి, ఆ నోట్లలో పలకరించి పోయిన మనిషి మా దగ్గర లేడు.

కూతురు ఆమె చెయ్యి పట్టుకుంది. "యాడీ" అని పిలిచింది, తండాలో అమ్మను అట్లా పిలుస్తారు. వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. తల్లి తల అడ్డంగా ఊపింది. పిల్ల మళ్ళీ చెప్పింది. ఈసారి తల్లి అక్కడే, కిటికీ కింద నేల మీద కూర్చుండిపోయింది. పిల్ల కళ్ళు గోడ గడియారం మీద, తల్లి మీద, మళ్ళీ గడియారం మీద. ఆ పిల్లకు సీటు కావాలి. తల్లికీ కావాలి, ఎవరికన్నా ఎక్కువ కావాలి. కానీ తండ్రి కట్టిన ఫీజుగానే కావాలి.

నేను కౌంటరు ఇవతలికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప ఏం చేయాలో తోచలేదు.

"అమ్మా, బ్యాంకులో ఎవరి నోట్లు వాళ్ళకే విడిగా ఉంచరు. మీరు ఇచ్చిన రోజే అవి మిగతావాటితో కలిసిపోతాయి. ఇంకొకరు వచ్చి అడిగితే వాళ్ళకు పోతాయి, మాసినవైతే పెద్ద బ్రాంచికి పోతాయి. మీకెంత రావాలో ఆ లెక్క మాత్రం పోదు. ఎప్పుడు అడిగినా అంత ఇస్తాం. మీ నోట్లు మాత్రం ఎప్పుడో వెళ్ళిపోయాయి."

"పోయినయా?" అంది.

అంతే అంది. ఆ ఒక్క మాట వినడం కంటే ఆమె నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంతలో క్యాషియరు గారు కిటికీ తలుపు మూసి లోపలికి పోయారు. రెండు గంటలైందని మూశారనుకున్నాను, ఒళ్ళు మండింది. ఆయన మాసిన నోట్ల కట్టలు పట్టుకుని పక్క తలుపులోంచి బయటికొచ్చారు. మోకాళ్ళ నొప్పుల మనిషి, కష్టపడి మాతో పాటు నేల మీద కూర్చుని, దారం విప్పి నోట్లు ఆమె ముందు పరిచారు. మూలమూలకూ పసుపు.

"నీయి ఇందుల లేవమ్మా, అబద్ధమెందుకు. గవి రెండేండ్ల కిందట్నే పోయినయ్. ఇయ్యి మొన్న మొన్న వచ్చినయ్. ఒక్కపారి చూడు."

ఆమె ఒక్కో నోటూ తీసి చూసింది. మొదట తన గుర్తు కోసమే వెతికింది. ఆమెది ఉంగరం వేలు, చిన్న చుక్క. ఇక్కడ కొన్నిటికి బొటనవేలు మొత్తం అద్ది ఉంది. కొన్నిటికి పసుపు పక్కన కుంకుమ కూడా. తనది కాదని తెలిసిన కొద్దీ ఆమె తొందర తగ్గింది. ఒక నోటు దగ్గర ఆగిపోయింది. ఆ మూలన చాలా చిన్న వేలు గుర్తుంది.

"ఇది పోరి వేలు" అంది. "పోరితోని పెట్టిచ్చిన్రు."

"అవ్" అన్నారు క్యాషియరు గారు.

"ఈళ్ళు గూడ నా లెక్కనే దాసుకున్రా?"

"అందరు గట్లనే తెస్తరమ్మా. మొదటి పంట పైసలు."

ఆమె ఆ నోటు మూలను వేలితో తడిమింది. తర్వాత అడిగింది, "మరి ఆయన పైసలు ఎటుబోయినయ్ సారూ?"

"ఎటని చెప్పను? నోట్లు పెద్ద బ్రాంచికి పోయినయ్, వాటి బదులు వచ్చిన పైసలే ఆ యేడు విత్తనాలకని లోన్లిచ్చినం. దవాఖానకని తీసుకపోయినోళ్ళున్నరు. పిల్లల ఫీజులకని తీసుకపోయినోళ్ళున్నరు. ఈ చుట్టుపక్క ఊళ్ళల్లకే పోయినయ్."

"అక్కరకొచ్చినయా?"

"అక్కర లేకుంటె బ్యాంకుకెందుకొస్తరమ్మా?"

ఆమె కూతురి వంక చూసింది. పిల్ల ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. తల్లి కొంగుతో దాని ముఖం తుడిచి, చెయ్యి పైకి చాపింది. కిటికీ గట్టు మీద ఇంకా అట్లాగే ఉన్న కొత్త నోట్ల కట్టను నేను తెచ్చి ఆ చేతిలో పెట్టాను.

"పసుపు ఉన్నదా మేడమ్మా?" అంది.

గోడకు అంటించిన నా చేతిరాత మా అందరి తలల పైనే ఉంది. క్యాషియరు గారి గదిలో లక్ష్మీదేవి పటం ముందు పసుపు కుంకుమల చిన్న భరిణె ఉండేది. నేనే పరుగెత్తి తెచ్చాను. ఆమె తను పెట్టలేదు. భరిణె పిల్ల ముందుకు జరిపింది.

"మీ నాయన లేడు గద బిడ్డా. ఆయన బదులు నువ్వే పెట్టు."

పిల్ల ఉంగరం వేలు ముంచి నోటు మూలకు అద్దింది. క్యాషియరు గారు వంగి చూస్తూ "నంబరు మీద పడకుండ పెట్టు బిడ్డా, నంబరు మీద పడకుండ" అంటున్నారు. వరుసలో ఉన్న ఒకాయన అప్పటికే దిగిపోయి కింద రోడ్డు మీద బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు. డ్రైవరు హారను కొడుతున్నాడు, ఈయన చేతులూపుతూ అరుస్తున్నాడు. తల్లీకూతుళ్ళు మెట్లు దిగుతుంటే మేమందరం వరండాలోకి వచ్చి చూశాం. ఎక్కారు. సాయంత్రంలోగా ఫీజు కట్టారని తర్వాతి అంగడికి తెలిసింది.

ఆ వారమే నా కాగితాన్ని గోడ మీంచి పీకేశాను. క్యాషియరు గారు చూసి నవ్వారు.

ఆమె అంగడికి రావడం మానలేదు. అడిగే మాట మాత్రం మారింది.

"పైసలు మంచిగ తిరుగుతున్నయా మేడమ్మా?"

"తిరుగుతున్నాయమ్మా."

"తిరగనియ్యి" అని పాసుబుక్కు సంచిలో వేసుకుని కూరగాయల వైపు వెళ్ళిపోయేది. ఉద్యోగంలో నాకెన్నో తనిఖీలు జరిగాయి. అంత మంచి తనిఖీ మరొకటి జరగలేదు.

క్యాషియరు గారు రిటైరయ్యారు. కంప్యూటర్లు వచ్చాయి, ఇత్తడి టోకెన్లు మూలకు పోయాయి. డబ్బు తీసుకోవడం, ఇవ్వడం రెండూ నా ఒక్క కౌంటరులోనే అయ్యాయి. నాకు బదిలీ ఉత్తర్వు కూడా వచ్చింది. సామాను సర్దుకుంటున్న ఆ రోజుల్లోనే ఒక అంగడికి తల్లీకూతుళ్ళిద్దరూ వచ్చారు. పిల్లకు కొత్తగూడెంలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు ఉద్యోగం దొరికింది. మనిషి కొంచెం ఒళ్ళు చేసింది, మాటలో ధైర్యం వచ్చింది. జ్వరాల వార్డులో వేశారు, రాత్రి డ్యూటీలు ఎక్కువని చెప్పింది. తల్లి ఆ మాటలు వింటూ పిల్ల భుజం మీది దారప్పోగు తీసి పారేసింది.

మొదటి జీతం. కవరులోంచి తీసి నా ముందు పెట్టారు. ప్రతి నోటు మూలకూ పసుపు చుక్క, ఉంగరం వేలిది. ఈసారి తల్లి వేలు.

నాకు భయం వేసింది. ఇంకోసారి ఆ నేల మీద ఆమె అట్లా కూర్చుంటే నేను చూడలేను. "అమ్మా" అన్నాను నెమ్మదిగా, "ఈ నోట్లు మళ్ళీ ఇవే రావు. తెలుసు కదా?"

ఆమె పకపకా నవ్వింది.

"తెల్సు మేడమ్మా. తెల్సే పెట్టిన. ఎవలకు ముడితె ఆళ్ళకు మంచిగుండాలె అని పెట్టిన."

నేను తల వంచుకుని నోట్లు లెక్కపెట్టాను. రెండుసార్లు తప్పింది. పాసుబుక్కు ప్రింటు చేసి ఇచ్చాను, బదిలీ సంగతి చెప్పాను. ఆమె నా చేతిని రెండు చేతుల్లో పట్టుకుని, "నువ్వు గూడ మంచిగ తిరుగు బిడ్డా" అంది. అన్నేళ్ళలో నన్ను బిడ్డా అనడం అదే మొదలు. వాళ్ళు మెట్లు దిగారు.

వెనక ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. భార్యకు నొప్పులొస్తున్నాయని, భద్రాచలం దవాఖానాలో చేర్చారని, జల్దీ ఇయ్యమని బతిమాలుతున్నాడు. పసుపు నోట్లు మాసినవాటిలో వేయాలి, అది పద్ధతి. నేను వేయలేదు. ఆ కట్టలోంచే తీసి అతని చేతిలో పెట్టాను. అతను గబగబా జేబులో పెట్టుకోబోయి మూలన పసుపు చూశాడు. ఒక్క క్షణం ఆగి, నోట్లను కళ్ళకద్దుకుని, మెట్ల వైపు పరుగెత్తాడు.